మెయిన్‌ఫ్రేమ్ యూనిక్స్ షెల్‌లో ఎన్‌కోడింగ్ కుదరని ఫైళ్లను చక్కబెట్టే పద్ధతి

ఐబీఎం మెయిన్‌ఫ్రేమ్‌ల ఆపరేటింగ్ సిస్టమ్ అయిన జెడ్‌ఓఎస్‌లోని యూనిక్స్ షెల్‌లో, అంటే మనం యూఎస్ఎస్ అని పిలుచుకునే చోట, ఒక ఫైలును క్యాట్‌తో తెరిస్తే అక్షరాలకు బదులు పిచ్చిగీతలు వస్తాయి. మరోసారి కళ్లెదుట కనిపిస్తున్న పదాన్నే గ్రెప్ లేదంటుంది. ఇంకోసారి పక్క సర్వర్‌లో చక్కగా నడిచిన షెల్ స్క్రిప్టు ఇక్కడికి తెచ్చేసరికి మొదటి వరుసలోనే ఎఫ్ఎస్‌యూఎం7351 అనే సందేశమిచ్చి ఆగిపోతుంది. చూడటానికి ఇవి మూడు వేర్వేరు జబ్బుల్లా ఉంటాయి గానీ చాలాసార్లు మూలం ఒకటే: ఫైలులోని బైట్లు ఒక ఎన్‌కోడింగ్‌లో (అక్షరాలను బైట్లుగా రాసే పద్ధతిలో) ఉన్నాయి, చదివే ప్రోగ్రాము వాటిని మరొకటిగా అనుకుంటోంది. దీన్ని సరిచేయడానికి ఆదేశాలు బోలెడున్నాయి. అసలు కష్టం ఏ ఆదేశం వాడాలన్నదానిలో లేదు, ఏది తప్పుగా ఉందో తేల్చుకోవడంలో ఉంది. అందుకే ఈ వ్యాసం మొదటి సగం మార్చడం గురించి కాక చూడటం గురించి ఉంటుంది.

ఒక చిన్న మనవి. ఆదేశాలను ఇక్కడ పలికే తీరులో తెలుగులోనే రాస్తున్నాను. టైప్ చేసేటప్పుడు వాటిని మామూలుగా ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో కొట్టాలి. పెద్ద అక్షరం అవసరమైన చోట ఆ మాట విడిగా చెబుతాను, ఎందుకంటే యూనిక్స్‌లో చిన్న టీ, పెద్ద టీ ఒకటి కావు. అలాగే బైట్ల విలువలను పదహారు ఆధారంగా రాస్తున్నాను కాబట్టి ఏ, బీ, సీ, డీ, ఈ, ఎఫ్ అనేవి అక్కడ అంకెలే.

ముందుగా బైట్లు

ఆస్కీ అనే ఎన్‌కోడింగ్ తొలి ప్రమాణం 1963లో వచ్చింది. ఐబీఎం 1964 ఏప్రిల్ 7న సిస్టమ్/360ని ప్రకటించినప్పుడు దానితో పాటు ఎబ్సిడిక్ అనే మరో ఎన్‌కోడింగ్‌ను తీసుకొచ్చింది. ఎబ్సిడిక్ పంచ్ కార్డుల చిల్లుల అమరిక నుంచి పుట్టింది కాబట్టి అందులో ఇంగ్లిష్ అక్షరాలు వరుసగా ఉండవు. తొమ్మిది, తొమ్మిది, ఎనిమిది చొప్పున మూడు గుంపులుగా, మధ్యలో ఖాళీలతో ఉంటాయి. నేటి జెడ్‌ఓఎస్ యూనిక్స్ షెల్‌కు సొంత లిపి, అంటే సొంత ఎన్‌కోడింగ్, ఎబ్సిడిక్‌లోని ఐబీఎం-1047 అనే కోడ్ పేజీ (ఏ బైటు ఏ అక్షరమో చెప్పే పట్టిక). బయటి నుంచి వచ్చే ఫైళ్లు ఐఎస్ఓ8859-1లోనో యూటీఎఫ్-8లోనో ఉంటాయి.

బైట్లను చూడటానికి ఓడీ ఆదేశం చాలు:

_బీపీఎక్స్‌కే_ఆటోసీవీటీ=ఆఫ్ ఓడీ -ఏ డీ -టీ ఎక్స్1 జాబితా

ఇక్కడ మొదటి ఏ పెద్దది, తక్కినవి చిన్నవి. ముందున్న చలరాశి పేరు, దాని విలువ అన్నీ పెద్ద అక్షరాలే. దాన్ని ఎందుకు పెట్టామంటే, ఆటోమేటిక్ మార్పిడి (ఫైలును చదివేటప్పుడూ రాసేటప్పుడూ సిస్టమ్ తనంతట తానే ఎన్‌కోడింగ్ మార్చడం) నడుస్తున్న షెల్‌లో ఓడీ కూడా మార్చిన బైట్లనే చూపించి మనల్ని తప్పుదోవ పట్టించే అవకాశం ఉంది; ఆ ఒక్క ఆదేశానికి మార్పిడిని ఆపేస్తే డిస్కు మీద నిజంగా ఉన్నదే కనిపిస్తుంది. పెద్ద ఏ, చిన్న డీ ఇచ్చినందువల్ల ఎడమ పక్కన వచ్చే స్థానాలు దశాంశ సంఖ్యల్లో ఉంటాయి. లేకపోతే ఎనిమిది ఆధారంగా వస్తాయి, తర్వాత లెక్కలకు అవి ఇబ్బంది పెడతాయి.

తెరమీద బైట్లు వచ్చాక అన్నింటినీ చదవనక్కర్లేదు. ఖాళీని, వరుస ముగింపును, అంకెలను చూస్తే సరిపోతుంది. పదాల మధ్య 40 కనిపిస్తుంటే అది ఎబ్సిడిక్, 20 కనిపిస్తుంటే ఆస్కీ కుటుంబం. వరుస చివర 15 ఉంటే ఎబ్సిడిక్, 0ఏ ఉంటే ఆస్కీ. 2024 అనే సంవత్సరం ఎబ్సిడిక్‌లో ఎఫ్2 ఎఫ్0 ఎఫ్2 ఎఫ్4 అని, ఆస్కీలో 32 30 32 34 అని ఉంటుంది. ఎబ్సిడిక్ ఫైలును ల్యాప్‌టాప్‌లో తెరిచినవారికి ఖాళీలన్నీ @ గుర్తులుగా కనిపించడం తెలిసే ఉంటుంది. ఆస్కీలో 40 అంటే @ గుర్తే కదా. వరుస చివర 0డీ కనిపిస్తే మాత్రం తొందరపడి ఏ నిర్ణయానికీ రాకూడదు, ఎందుకంటే ఆ బైటు విలువ రెండింటిలోనూ ఒకటే. అది విండోస్ నుంచి వచ్చిన ఫైలని మాత్రమే చెబుతుంది. ఫైలు మొదట్లో ఈఎఫ్ బీబీ బీఎఫ్ అనే మూడు బైట్లు ఉంటే ఎవరో దాన్ని యూటీఎఫ్-8గా, ముందు గుర్తుతో సహా భద్రపరిచారని అర్థం.

ఈ పరిశీలనకు నిమిషం కూడా పట్టదు. అయినా చాలామంది దీన్ని దాటేసి నేరుగా ఐకాన్వ్ (ఒక ఎన్‌కోడింగ్ నుంచి మరోదానికి బైట్లను మార్చే ఆదేశం) కొడతారు, అది కుదరకపోతే మరో జత పేర్లతో మళ్లీ కొడతారు. మూడో ప్రయత్నానికి అసలు ఫైలు ఎలా ఉండేదో ఎవరికీ గుర్తుండదు.

ట్యాగ్ చెప్పేది వేరు, లోపల ఉన్నది వేరు

జెడ్‌ఓఎస్ యూనిక్స్ ఫైలు వ్యవస్థ ప్రతి ఫైలుకూ ఒక ట్యాగ్ ఉంచగలదు. అందులో రెండు విషయాలుంటాయి: కోడ్ పేజీ సంఖ్య ఒకటి, ఇది పూర్తిగా వచనమా కాదా అని చెప్పే జెండా ఒకటి. ఐబీఎం-1047కు సంఖ్య 1047, ఐఎస్ఓ8859-1కు 819, యూటీఎఫ్-8కు 1208. వీటిని చూడటానికి రెండు దారులున్నాయి, రెండో దానిలో పీ చిన్నది:

ఎల్ఎస్ -టీ జాబితా (పెద్ద టీ)
సీహెచ్‌ట్యాగ్ -పీ జాబితా

వచనమని గుర్తు పెట్టిన ఫైలుకు ముందు టీ అనే అక్షరం, కోడ్ పేజీ పేరు, టీ=ఆన్ అని వస్తాయి. ట్యాగ్ లేని ఫైలుకు ఒక గీత, టీ=ఆఫ్ కనిపిస్తాయి. బైనరీ అని గుర్తు పెట్టినదానికి ముందు బీ ఉంటుంది. ఎం అనే అక్షరం వస్తే కోడ్ పేజీ పేరు ఉన్నా జెండా దించి ఉందని, అంటే ఫైలులో వచనంతో పాటు మరేదైనా కలిసి ఉండవచ్చని అర్థం. ఆటోమేటిక్ మార్పిడి జరిగేది జెండా ఎత్తి ఉన్న ఫైళ్లకే.

ట్యాగ్ అంటే జాడీకి అంటించిన చీటీ. ఆవకాయ జాడీ మీద మాగాయ అని రాసినంత మాత్రాన లోపలిది మారదు. సీహెచ్‌ట్యాగ్ ఆదేశం ఒక్క బైటునైనా ముట్టుకోదు, చీటీని మాత్రమే మారుస్తుంది. ఐకాన్వ్ చేసేది లోపలి సరుకు మార్చే పని. ఈ రెండింటినీ ఒకదాని బదులు మరొకటి వాడటమే ఈ రంగంలో జరిగే పొరపాట్లలో సగానికి కారణమని నా అభిప్రాయం.

కాబట్టి బైట్లనూ ట్యాగ్‌నూ పక్కపక్కన పెట్టుకుని చూడాలి. బైట్లు ఆస్కీవే, ట్యాగ్ మాత్రం లేదు అనుకుందాం. సర్వసాధారణంగా ఎదురయ్యేది ఇదే, ఎందుకంటే బైనరీగా వచ్చిన ఫైలుకు ఎవరూ చీటీ అంటించరు. అప్పుడు మార్పిడి అక్కర్లేదు, చీటీ అంటిస్తే చాలు:

సీహెచ్‌ట్యాగ్ -టీసీ ఐఎస్ఓ8859-1 జాబితా

ఇక్కడ టీ, సీ రెండూ చిన్నవి. బైట్లు ఎబ్సిడిక్‌వి, ట్యాగ్ ఐఎస్ఓ8859-1 అని ఉంటే అప్పుడూ చీటీయే తప్పు. అదే ఆదేశంలో ఐబీఎం-1047 అని ఇవ్వాలి. చిత్రాలు, జిప్, జార్ వంటి వాటికి చిన్న బీ ఇచ్చి బైనరీ అని చెప్పడం మంచి అలవాటు. ట్యాగ్‌ను పూర్తిగా తీసేయాలంటే చిన్న ఆర్, డైరెక్టరీ మొత్తానికి వర్తింపజేయాలంటే పెద్ద ఆర్ ఇవ్వాలి. ఈ రెండు ఆర్‌లూ పక్కపక్కనే పొంచి ఉంటాయి కాబట్టి ఎంటర్ నొక్కే ముందు మరొక్కసారి చూసుకోవడం మేలు.

బైట్లూ ట్యాగూ ఒకే మాట చెబుతున్నా ప్రోగ్రాము చదవలేకపోతే, తప్పు ఫైలుది కాదు, షెల్ పరిసరాలది.

షెల్ పరిసరాలు

ట్యాగ్ ఉన్నంత మాత్రాన మార్పిడి జరగదు. _బీపీఎక్స్‌కే_ఆటోసీవీటీ అనే చలరాశి ఆన్ అయి ఉండాలి, లేదా సిస్టమ్ ప్రోగ్రామర్లు ఆ అమరికను యంత్రం మొత్తానికీ, యూనిక్స్ అమరికలుండే బీపీఎక్స్‌పీఆర్ఎం సభ్యంలోనే చేసి ఉండాలి. ఆన్ అంటే ఒక ఎబ్సిడిక్ పేజీ, ఒక ఆస్కీ పేజీ మధ్య, మామూలుగా 1047, 819ల మధ్య మాత్రమే మార్పిడి జరుగుతుంది. యూటీఎఫ్-8 వంటి ఇతర కోడ్ పేజీలు కూడా మారాలంటే ఆల్ అనే విలువ ఇవ్వాలి.

_సీఈఈ_రన్ఆప్ట్స్ చలరాశిలో ఇచ్చే ఫైల్‌ట్యాగ్(ఆటోసీవీటీ,ఆటోట్యాగ్) అన్నదాన్ని చాలామంది దీనితో కలిపి ఒకటే అనుకుంటారు. కుండలీకరణాల్లోని మొదటి మాట, ట్యాగ్ లేని ఫైలును ప్రోగ్రాము తెరిచినప్పుడు అది ఏ కోడ్ పేజీలో ఉన్నట్టు భావించాలో చెబుతుంది. రెండోది, ప్రోగ్రాము కొత్తగా సృష్టించిన ఫైలుకు మొదటిసారి రాసేటప్పుడు ట్యాగ్ అంటించమంటుంది. బాష్, గిట్, పైథాన్ లాంటి తెచ్చిపెట్టుకున్న పరికరాలు వాడేచోట ఇది దాదాపు తప్పనిసరి.

మూడో పొర దారి మళ్లింపు. ఒక ఆదేశం ఫలితాన్ని > గుర్తుతో ఫైలుకు మళ్లించినప్పుడు ఆ ఫైలును తెరిచేది ప్రోగ్రాము కాదు, షెల్. అందువల్ల ప్రోగ్రాముకున్న ఆటోట్యాగ్ అక్కడ అక్కరకు రాదు. ఆ ఖాళీని పూడ్చడానికే _ట్యాగ్_రీడిర్_ఇన్, _ట్యాగ్_రీడిర్_అవుట్, _ట్యాగ్_రీడిర్_ఎర్ అనే మూడు చలరాశులున్నాయి. వాటికి టీఎక్స్‌టీ అనే విలువ ఇస్తే షెల్ ఆ దారులను వచనంగా గుర్తిస్తుంది.

ఈ అమరికలన్నీ ప్రొఫైల్‌లో, అంటే లాగిన్ కాగానే షెల్ చదివే ఫైలులో, ఉంటాయి. నిర్ణీత సమయాలకు పనులను నడిపే క్రాన్ మీ ప్రొఫైల్‌ను చదవదు. ఈ రెండు వాక్యాలూ విడివిడిగా తెలిసి కూడా కలిపి ఆలోచించకపోవడం వల్ల నేనొకసారి దెబ్బతిన్నాను. అప్పుడు పనిచేస్తున్న చోట ఒక లాగ్ ఫైలు ఉండేది, దానికి ఐఎస్ఓ8859-1 అని సరైన ట్యాగే ఉంది. పగటిపూట మేము చేతితో నడిపే స్క్రిప్టు >> గుర్తుతో దానికి వరుసలు జోడించేది. మా షెల్‌లో మార్పిడి ఆన్‌లో ఉంది కాబట్టి ఎబ్సిడిక్‌లో పుట్టిన ఆ వరుసలు ఆస్కీగా మారి ఫైలులోకి చేరేవి. తర్వాత ఆ స్క్రిప్టునే రాత్రి క్రాన్‌లో కూడా పెట్టాను. క్రాన్‌కు ఆ చలరాశి తెలియదు, అందువల్ల రాత్రి వరుసలు ఎబ్సిడిక్ బైట్లుగానే వెళ్లి కూర్చున్నాయి. ఒకే ఫైలు, ఒకే ట్యాగ్, లోపల రెండు లిపులు. ఎక్కడా ఏ దోషసందేశమూ రాలేదు. రాత్రి నమోదైన ఒక లోపం కోసం గ్రెప్ చేసి, ఏమీ లేదని తెలిసి, అంతా బాగానే ఉందని నివేదించాక గానీ సంగతి బయటపడలేదు.

అలాంటి ఫైలును బాగుచేయాలంటే ముందు ఒక కొత్త షెల్ తెరిచి, అందులో మార్పిడిని ఆఫ్ చేసి, పైన చెప్పిన మిగతా చలరాశులన్నింటినీ అన్‌సెట్ చేయాలి. తర్వాత ఓడీ ఫలితంలో 20లు, 0ఏలు ఆగిపోయి 40లు, 15లు మొదలయ్యే చోటును వెతకాలి. ఆ స్థానం 18432 అనుకుందాం. అప్పుడు డీడీ ఆదేశంతో ఫైలును రెండుగా కోయాలి:

డీడీ ఐఎఫ్=లాగ్ ఓఎఫ్=పగలు బీఎస్=1 కౌంట్=18432
డీడీ ఐఎఫ్=లాగ్ ఓఎఫ్=రాత్రి బీఎస్=1 స్కిప్=18432

రెండో ముక్కను మాత్రమే ఐబీఎం-1047 నుంచి ఐఎస్ఓ8859-1కు మార్చి, రెండింటినీ క్యాట్‌తో మూడో ఫైలులో కలిపి, దానికి ట్యాగ్ పెట్టాలి. లిపి అనేకసార్లు మారిన ఫైలైతే అన్ని చోట్లా కోయక తప్పదు. నా ఫైలులో పదకొండు రాత్రులున్నాయి. చివరి శాశ్వత పరిష్కారం మాత్రం స్క్రిప్టు మొదటి వరుసల్లోనే ఆ చలరాశులను ఎక్స్‌పోర్ట్ చేయడం, ప్రొఫైల్ మీద ఆధారపడటం మానేయడం.

బైట్లను మార్చవలసి వచ్చినప్పుడు

ట్యాగ్‌తో పని జరగని సందర్భాలుంటాయి. చదివే ప్రోగ్రాముకు ట్యాగ్ సంగతి తెలియకపోవచ్చు, లేదా ఫైలు డేటాసెట్‌లోకి (యూనిక్స్‌కు బయట మెయిన్‌ఫ్రేమ్ సొంత పద్ధతిలో ఉండే ఫైలులోకి) కాపీ కావలసి ఉండవచ్చు. అప్పుడు ఐకాన్వ్ వాడాలి:

ఐకాన్వ్ -ఎఫ్ ఐఎస్ఓ8859-1 -టీ ఐబీఎం-1047 పాతది > కొత్తది
సీహెచ్‌ట్యాగ్ -టీసీ ఐబీఎం-1047 కొత్తది

ఎఫ్ తర్వాత ఉన్నది ఇప్పటి లిపి, చిన్న టీ తర్వాత ఉన్నది కావలసిన లిపి. పాతదాని పేరే కొత్తదానికి ఇవ్వకూడదు. ఐకాన్వ్ చదవడం మొదలుపెట్టేలోపే షెల్ ఆ ఫైలును ఖాళీ చేసేస్తుంది. మార్చాక ట్యాగ్ పెట్టడం మరిచిపోతే, లేదా పాత ట్యాగ్ అలాగే ఉండిపోతే, మనం బాగుచేసిన ఫైలును ఆటోమేటిక్ మార్పిడి మళ్లీ పాడుచేస్తుంది.

ఇలా రెండుసార్లు మార్చడమే అన్నిటికంటే తరచుగా చూసే తప్పు. మార్పిడి ఆన్‌లో ఉన్న షెల్‌లో, ఐఎస్ఓ8859-1 ట్యాగ్ ఉన్న ఫైలును క్యాట్ చేసి ఆ ఫలితాన్ని పైపు ద్వారా ఐకాన్వ్‌కు అందిస్తే, క్యాట్ చదివేటప్పుడే అది ఎబ్సిడిక్ అయిపోతుంది. ఐకాన్వ్ దాన్ని ఆస్కీ అనుకుని ఇంకోసారి ఎబ్సిడిక్ చేస్తుంది. వచ్చేది ఏ లిపీ కాదు.

మరో మాట. మార్చిన ఫైలును తిరిగి వెనక్కి మార్చి, అసలుతో సీఎంపీ చేసి (బైటు బైటుకూ పోల్చి), తేడా లేదు కాబట్టి మార్పిడి సరైనదని కొందరు తృప్తిపడతారు. ఐబీఎం-1047, ఐఎస్ఓ8859-1 రెండింటిలోనూ ఒకే 256 విలువలు ఒకదానికొకటి జతగా ఉంటాయి. అందువల్ల ఏ చెత్తను అటు మార్చి ఇటు మార్చినా అదే చెత్త తిరిగి వస్తుంది. ఆ పరీక్ష బైట్లు పోలేదని చెబుతుంది గానీ మన ఊహ సరైనదని చెప్పదు. సరైనదో కాదో తెలియాలంటే ఖాళీలు 40 అయ్యాయా, వరుస ముగింపులు 15 అయ్యాయా అని మళ్లీ ఓడీతోనే చూడాలి.

కోబాల్ రికార్డులను ఐకాన్వ్‌కు అసలు అప్పగించకూడదు. బైటుకు రెండు అంకెలు, చివర ధన రుణ గుర్తు ఉండే ప్యాక్డ్ దశాంశంలో 12345 అనే ధన సంఖ్య 12 34 5సీ అనే మూడు బైట్లు. ఎబ్సిడిక్‌లో 5సీ నక్షత్రం గుర్తు కాబట్టి ఐకాన్వ్ దాన్ని మర్యాదగా 2ఏ చేస్తుంది, మొత్తం సంఖ్య అక్కడితో నాశనమవుతుంది. ఇలాంటి రికార్డులను కాపీబుక్ (రికార్డులోని గడుల వివరణ) చూసి గడి గడికీ విడిగా మార్చే సాధనంతోనే మార్చాలి, లేదా సంఖ్యలను వచనంగా విప్పి రాసే చిన్న కోబాల్ ప్రోగ్రాము ముందుగా నడపాలి.

చదరపు బ్రాకెట్లు మాత్రమే తప్పుతున్నప్పుడు

ఫైలంతా బాగానే ఉండి [ గుర్తు చోట నెత్తిన గీత ఉన్న వై అక్షరం, ] చోట రెండు చుక్కలు కనిపిస్తే, అది ఎబ్సిడిక్‌కూ ఆస్కీకీ మధ్య తగువు కాదు, ఎబ్సిడిక్ ఇంటిలోపలి తగువు. ఐబీఎం-1047లో ఈ బ్రాకెట్లు ఏడీ, బీడీ. అమెరికాలో వాడుకలో ఉన్న ఐబీఎం-037లో అవి బీఏ, బీబీ. ^ గుర్తు, ¬ గుర్తు కూడా ఈ రెండు పేజీల్లో చోట్లు మార్చుకుంటాయి: 1047లో 5ఎఫ్ ఉన్నచోట ^ ఉంటే 037లో అక్కడ ¬ ఉంటుంది. అక్షరాలు, అంకెలు రెండింటిలోనూ ఒకటే కాబట్టి మామూలు నివేదికల్లో ఏళ్ల తరబడి ఎవరికీ తేడా తెలియదు. ఒక సీ ప్రోగ్రామో, జేసాన్ ఫైలో, గ్రెప్‌కు ఇచ్చే నమూనానో వచ్చిన రోజున బయటపడుతుంది.

దీనికి మూలం చాలాసార్లు 3270 ఎమ్యులేటర్ (మెయిన్‌ఫ్రేమ్ తెరను మన కంప్యూటర్‌లో చూపించే ప్రోగ్రాము) అమరికలో ఉంటుంది. ఎమ్యులేటర్ 037గా ఉంటే మనం కొట్టిన [ బీఏగా ఫైలులోకి వెళుతుంది, అదే తెరమీద అదే అమరికతో చూస్తే చక్కగా [ లాగే కనిపిస్తుంది కాబట్టి అనుమానం రాదు. ఎమ్యులేటర్ కోడ్ పేజీని 1047కు మార్చి, పాత ఫైళ్లను ఐబీఎం-037 నుంచి ఐబీఎం-1047కు ఐకాన్వ్ చేయాలి. ల్యాప్‌టాప్ వైపు కూడా ఇదే ఉచ్చు ఉంది. మామూలు పైథాన్ పంపిణీలో 037 కోడెక్ ఉంటుంది గానీ 1047 ఉండదు, అందువల్ల చేతికి అందినది వాడేసి బ్రాకెట్లు పోగొట్టుకున్నవారు తక్కువేమీ కాదు.

ఫైలు ప్రయాణంలో ఏమవుతుంది

ఎఫ్‌టీపీలో ఆస్కీ పద్ధతి అడిగితే మార్పిడి జరుగుతుంది, బైనరీ అడిగితే జరగదు; ఇది అందరికీ తెలిసినదే. ఫైళ్లను భద్రంగా పంపే ఓపెన్ఎస్ఎస్‌హెచ్ పరికరాల దగ్గరే తికమక. జెడ్‌ఓఎస్‌లోని ఎస్‌సీపీ ప్రతి ఫైలునూ వచనంగానే భావించి ఎబ్సిడిక్, ఆస్కీల మధ్య మారుస్తుంది. అదే పెట్టెలో వచ్చే ఎస్ఎఫ్‌టీపీ మాత్రం ముందుగా బైనరీలోనే ఉంటుంది, మార్పిడి కావాలంటే లోపల ఆస్కీ అనే ఉపాదేశం ఇవ్వాలి. లినక్స్‌లో ఈ రెండింటినీ ఒకదాని బదులు ఒకటి వాడే అలవాటుతో ఇక్కడికొచ్చి జార్ ఫైలును ఎస్‌సీపీ చేస్తే అది విప్పడానికి పనికిరాదు. వచనానికి ఎస్‌సీపీ, మిగతా అన్నింటికీ ఎస్ఎఫ్‌టీపీ అని పెట్టుకుంటే సరిపోతుంది.

ఎబ్సిడిక్ ఫైలు బైనరీగా లినక్స్‌కు వెళ్లి, అక్కడ ఐకాన్వ్ చేయవలసి వస్తే ఇంకొక చిక్కు ఎదురవుతుంది. జెడ్‌ఓఎస్ ఐకాన్వ్ వరుస ముగింపు 15ను 0ఏగా మారుస్తుంది. లినక్స్ ఐకాన్వ్ యూనికోడ్ పట్టికను అక్షరాలా పాటించి 15ను 85 అనే వేరే నియంత్రణ అక్షరంగానూ, 25ను 0ఏగానూ మారుస్తుంది. ఫలితంగా పదివేల వరుసల ఫైలు ఒకే ఒక్క పొడుగాటి వరుసగా మిగులుతుంది. మార్చే ముందే 15లను 25లు చేస్తే ఈ బాధ లేదు:

టీఆర్ '\025' '\045' < పాతది | ఐకాన్వ్ -ఎఫ్ ఐబీఎం1047 -టీ యూటీఎఫ్-8 > కొత్తది

టీఆర్‌కు ఇచ్చిన సంఖ్యలు ఎనిమిది ఆధారంగా ఉన్నవి. అందుకే 15 అక్కడ 025గా, 25 అక్కడ 045గా కనిపిస్తున్నాయి. క్రమంలో పెట్టిన జాబితాలను ఇలా తెచ్చుకుంటే మళ్లీ సార్ట్ చేయడం మరవకూడదు. ఎబ్సిడిక్‌లో చిన్న అక్షరాలు, పెద్ద అక్షరాలు, ఆ తర్వాత అంకెలు వస్తాయి. ఆస్కీలో సరిగ్గా దీనికి తిరగేసి ఉంటుంది.

గిట్ వాడేవారు ఈ నిర్ణయాన్ని ప్రతి ఒక్కరి షెల్‌కూ వదలకుండా .గిట్‌యాట్రిబ్యూట్స్ ఫైలులో రాసి పెట్టవచ్చు. రిపాజిటరీలో యూటీఎఫ్-8గా ఉంచి, మెయిన్‌ఫ్రేమ్ మీద చెక్అవుట్ అయినప్పుడు మాత్రం ఐబీఎం-1047గా మార్చమని చెప్పే వరుస ఇలా ఉంటుంది:

*.సీబీఎల్ గిట్-ఎన్‌కోడింగ్=యూటీఎఫ్-8 జెడ్ఓఎస్-వర్కింగ్-ట్రీ-ఎన్‌కోడింగ్=ఐబీఎం-1047

చిత్రాలు, జార్‌ల వంటి వాటికి బైనరీ అని విడిగా వరుసలు రాయాలి.

తెలుగు వచనం ఉన్న ఫైళ్లు

మన పేర్లు, చిరునామాలు తెలుగులో ఉన్న ఫైలు మెయిన్‌ఫ్రేమ్‌కు వస్తే, పైన చెప్పిన రెండు కోడ్ పేజీలూ దానికి పనికిరావు. 1047లో గానీ 8859-1లో గానీ తెలుగు అక్షరం ఒక్కటి కూడా లేదు. యూటీఎఫ్-8గానే ఉంచి, 1208 ట్యాగ్ పెట్టి, యూనికోడ్ తెలిసిన ప్రోగ్రాముకే ఇవ్వాలి.

యూటీఎఫ్-8లో తెలుగు వర్ణం ఒక్కొక్కటి మూడు బైట్లు, మొదటిది ఎప్పుడూ ఈ0, రెండోది బీ0 లేదా బీ1. ‘అ’ అంటే ఈ0 బీ0 85. ఐబీఎం-1047లో ఈ0 అంటే \ గుర్తు, బీ0 అంటే ¬ గుర్తు, బీ1 అంటే £ గుర్తు. కాబట్టి మార్పిడి లేకుండా తెరిచిన తెలుగు ఫైలు ఎబ్సిడిక్ తెరమీద ప్రతి వర్ణానికీ ముందు \ తో, పక్కనే ¬ తోనో £ తోనో కనిపిస్తుంది. అలా కనిపిస్తే దిగులుపడనక్కర్లేదు, బైట్లు చెక్కుచెదరలేదని దాని అర్థం.

ఎవరైనా ఆ ఫైలును ఐఎస్ఓ8859-1 అని పొరబడి ఎబ్సిడిక్‌కు మార్చేసి ఉంటే గుర్తులు మారిపోతాయి. ఓడీలో ఈ0 బీ0 ఉండవలసిన చోట 44 90, ఈ0 బీ1 ఉండవలసిన చోట 44 8ఎఫ్ వరుసగా వస్తూ ఉంటాయి. ఇదీ కోలుకోలేని దెబ్బ కాదు. పైన చెప్పినట్టు ఆ రెండు పేజీలూ ఒకదానికొకటి పూర్తి జతలు కాబట్టి, ఐబీఎం-1047 నుంచి ఐఎస్ఓ8859-1కు వెనక్కి మారిస్తే అసలు యూటీఎఫ్-8 బైట్లు యథాతథంగా తిరిగి వస్తాయి. వెంటనే దానికి యూటీఎఫ్-8 అని ట్యాగ్ పెట్టాలి, లేకపోతే ఇంకొకరు వచ్చి అదే పని మళ్లీ చేస్తారు.

తిరిగి రానిది గడి పొడవు చాలక తెగిపోయినది. శ్రీ అని మనం ఒక్క అక్షరంగా రాసేది యూనికోడ్‌లో శ, పొల్లు, ర, గుడిదీర్ఘం అనే నాలుగు వర్ణాలు, అంటే 12 బైట్లు. పేరు కోసం 30 బైట్ల గడి ఉంచిన రికార్డులో శ్రీనివాస్ సరిగ్గా నిండుగా పడుతుంది. శ్రీనివాసరావుకు 39 బైట్లు కావాలి, కాబట్టి శ్రీనివాసర అని మిగులుతుంది. గడి 32 బైట్లదైతే ఇంకా చిక్కు, దీర్ఘంలోని మూడు బైట్లలో రెండే పడి వరుస మధ్యలో తెగుతుంది, ఆ తర్వాత ఆ ఫైలును ఐకాన్వ్‌కు ఇస్తే అది ఆ చోటే చెల్లని బైట్లున్నాయంటూ ఆగిపోతుంది. అందుకని తెలుగు పడే గడి పొడవును వర్ణాల్లో లెక్కించి మూడుతో గుణించి పెట్టుకోవాలి. పాత ఫైలులో ఇప్పటికే తెగినవి ఉంటే, ఆగిపోయిన చోటుకు ముందు ఎన్ని బైట్లున్నాయో చూసి రికార్డు పొడవుతో భాగిస్తే ఎన్నో రికార్డో తెలుస్తుంది. ఆ పేరును మూలపత్రం చూసి మళ్లీ ఎక్కించడమే దారి.